“సైలెంట్” ఎయిర్ పంపు రివ్యూ: గదిలో చప్పుడు లేదు సరే, చేప నరం సంగతేంటి?

ముందే తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత వివరంగా రాస్తాను. ఇది చేపల తొట్టిలోకి గాలి పంపే, రెండు అవుట్‌లెట్లున్న చిన్న డయాఫ్రం (రబ్బరు పొర) ఎయిర్ పంపు. గాలి బాగా ఇస్తుంది, గదిలో చప్పుడు చాలా తక్కువ, నెలల తరబడి ఆపకుండా నడిపినా మొండికేయలేదు. కానీ డబ్బాలోంచి తీసి, వాళ్ళు చెప్పినట్టు తొట్టి పక్కనే అదే స్టాండ్ మీద పెట్టి, గొట్టం లాగి నడిపితే మాత్రం చేపలకి ఇది సైలెంట్ కానే కాదు. కొన్ని చిన్న మార్పులు చేస్తే చాలావరకు అవుతుంది. ఆ మార్పులు చెయ్యడానికి ఓపిక ఉన్నవాళ్ళకి దీన్ని ధైర్యంగా సిఫార్సు చేస్తాను, లేనివాళ్ళకి చెయ్యను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే లోపల ఇదే నిర్మాణంతో, పైన డొల్ల మాత్రం మార్చి రకరకాల పేర్లతో ఇలాంటి పంపులు దొరుకుతున్నాయి, నేను చెప్పేది వాటన్నిటికీ వర్తిస్తుంది.

ఈ పంపు గురించి నేను చదివిన రివ్యూలన్నీ ఒకే పని చేశాయి. పంపు పక్కన ఫోన్ పట్టుకుని, డెసిబెల్ యాప్ తెరిచి, అంకె చూపించి, “చూశారా, ఎంత నిశ్శబ్దమో” అన్నాయి. ఆ అంకె మనిషి చెవి కోసం, గాలిలో కొలిచినది. చేప ఉన్నది నీళ్ళలో. దానికి చెవి ఉంది, అది కాక ఒళ్ళంతా నీటి కదలికను పట్టుకునే ఇంకో ఇంద్రియం కూడా ఉంది, ఈ పంపు అసలు తగిలేది దానికే. చేపల కోసం కొనే వస్తువుని చేపకి ఎలా తెలుస్తుందో ఆ లెక్కలో చూడకపోతే అది రివ్యూ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

పంపు లోపల ఏముందో మొదట చెప్తాను. విప్పి చూస్తే ఒక తీగచుట్ట, దాని ఎదురుగా ఇటొకటి అటొకటి రబ్బరు డయాఫ్రంకి బిగించిన చేతులు, ఆ చేతుల కొసల్లో అయస్కాంతాలు. కరెంటు దిశ మారినప్పుడల్లా అయస్కాంతం ఇటూ అటూ లాగబడుతుంది, డయాఫ్రం గాలిని తోస్తుంది. గేర్లు లేవు, మోటారు లేదు, అరిగేది రబ్బరు ఒక్కటే, అందుకే ఇవి అంతకాలం మన్నుతాయి. కానీ ఆ చెయ్యి కొట్టుకునే వేగం మన చేతిలో లేదు, సరఫరా కరెంటు ఫ్రీక్వెన్సీయే దాని వేగం. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్న చోట సెకనుకి 50 సార్లు, 60 ఉన్న చోట 60 సార్లు. దాని మీద 100, 150 దగ్గర హార్మోనిక్స్, అంటే దానికి రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీలు కూడా వస్తాయి. నాబ్ తిప్పితే గాలి తగ్గుతుంది, కొట్టుకునే బలం తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ మాత్రం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు చేప వైపు నుంచి చూద్దాం, ఈ పంపు మంచిచెడ్డలన్నీ ఇక్కడే తేలుతాయి.

చేప పక్కన తల నుంచి తోక దాకా ఒక సన్నటి గీత ఉంటుంది కదా, అదే పార్శ్వరేఖ. చాలాకాలం దాన్ని జిగురు ఊరే గొట్టం అనుకున్నారు. అందులో ఉన్నవి ఇంద్రియాలని 1850లో ఫ్రాంజ్ లైడిగ్ గుర్తించాడు. అవి పట్టుకునేది నీటి కదలికనేనని, ఒకరకంగా తాకకుండానే దూరం నుంచి తెలిసే స్పర్శ అని 1930లలో స్వెన్ డైక్‌గ్రాఫ్ ప్రయోగాలు చేసి గట్టిగా నిలబెట్టాడు. ఆ గీత వెంబడీ, తల మీదా, కళ్ళ చుట్టూ న్యూరోమాస్ట్‌లు అనే చిన్న చిన్న అవయవాలుంటాయి. ఒక్కో న్యూరోమాస్ట్‌లో కొన్ని కేశకణాలు, అంటే హెయిర్ సెల్స్. ఒక్కో కణం నెత్తిన కైనోసీలియం అనే ఒక పొడవాటి వెంట్రుక, దాని పక్క నుంచి మెట్లమెట్లుగా పొట్టివైపు దిగే స్టీరియోసీలియా అనే వెంట్రుకలు, వీటన్నిటినీ కప్పుతూ కుప్యులా అనే మెత్తటి జెల్లీ తొడుగు. నీరు కదిలితే ఆ తొడుగు జరుగుతుంది, దానితోపాటు వెంట్రుకలు వంగుతాయి. పొడవాటి కైనోసీలియం వైపు వంగితే అయాన్ ఛానెళ్ళు తెరుచుకుని కణం ఉత్తేజపడుతుంది, అడుగున నరానికి సందేశం మోసే గ్లూటమేట్ అనే రసాయనం ఎక్కువగా విడుదలవుతుంది, దాన్ని అందుకున్న నరంలో స్పైకులు, అంటే నాడీ ప్రచోదనాలు, పెరుగుతాయి. రెండోవైపు వంగితే ఇదంతా తగ్గుతుంది.

ఆ తగ్గడం అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. సున్నా నుంచి తగ్గడం కుదరదు కదా. 1933లో హడ్సన్ హోగ్లాండ్ క్యాట్‌ఫిష్ పార్శ్వరేఖ నరం నుంచి విద్యుత్ సంకేతాలు రికార్డు చేసినప్పుడు, ఏ ప్రేరణా ఇవ్వకుండానే ఆ నరం స్పైకులు పంపుతూ ఉండడం కనిపించింది. అంటే నీరు కదలకపోయినా నరం ఊరికే ఉండదు, ఎప్పుడూ ఏవో కొన్ని స్పైకులు పంపుతూనే ఉంటుంది. దానివల్ల పెరగడం ఎంత సమాచారమో తగ్గడమూ అంతే సమాచారం అవుతుంది. నీరు ఇటు కదిలిందా అటు కదిలిందా అనేది ఒక్క నరంతోనే చెప్పొచ్చు. నాకు ఈ ఏర్పాటు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

దాని మీద ఇంకో ఏర్పాటు ఉంది. ఒకే న్యూరోమాస్ట్‌లో కేశకణాలు అన్నీ ఒకేవైపు తిరిగి ఉండవు. సగం ఒకవైపు, సగం సరిగ్గా దానికి ఎదురువైపు తిరిగి ఉంటాయి. 1960లలో ఓకె ఫ్లాక్ అనే శాస్త్రవేత్త దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వివరంగా చూపించాడు. న్యూరోమాస్ట్ పక్కన ఎలక్ట్రోడ్ పెట్టి, నీటిని ఒక ఫ్రీక్వెన్సీలో కదిలిస్తే, బయట కొలిచే విద్యుత్ పొటెన్షియల్ దానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో రావడం అంతకుముందే గమనించారు, కారణం ఈ ఎదురెదురు అమరికే. ఒక చక్రంలో మొదటి సగం ఒక జట్టు, రెండో సగం ఇంకో జట్టు స్పందిస్తాయి మరి. కానీ మెదడుకి వెళ్ళే నరాలు ఈ రెండిటినీ కలపవు. ఒక్కో నాడీ తంతువు ఒకేవైపు తిరిగిన కణాలను మాత్రమే ఎంచుకుని వాటితోనే కలుస్తుందని జీబ్రాఫిష్ పిల్లల్లో చూశారు. అందుకే దిశ చెరిగిపోకుండా మెదడు దాకా చేరుతుంది.

ఇక కంపనం విషయానికొస్తే, సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగే నీరు నరంలో ఎలా రాయబడుతుంది? రెండు రకాలుగా. ఒకటి, సెకనుకి ఎన్ని స్పైకులు అనే లెక్క. రెండోది, నా దృష్టిలో ముఖ్యమైనది, ఆ స్పైకులు ఏ క్షణంలో పడుతున్నాయి అనేది. కంపనం మొదలైతే స్పైకులు ఇష్టమొచ్చినట్టు పడడం మాని ప్రతి చక్రంలో ఒకే దశ దగ్గరకి చేరతాయి. 50 హెర్ట్జ్ అయితే 20 మిల్లీసెకన్లకో చక్రం, ఆ 20లో ఒక చిన్న కిటికీలోనే స్పైకు పడుతుంది. దీన్ని ఫేజ్ లాకింగ్ అంటారు. కంపనం మరీ బలహీనంగా ఉన్నప్పుడు మొత్తం స్పైకుల సంఖ్య పెరగదు, ఉన్నవే దశకి తగ్గట్టు సర్దుకుంటాయి. ఇంకొంచెం బలం పెంచితే అప్పుడు సంఖ్య పెరగడం మొదలవుతుంది. అంటే, స్పైకులు లెక్కపెట్టి “నరానికి ఏమీ తెలియలేదు” అనుకునే స్థాయిలో కూడా దానికి తెలిసిపోయి ఉంటుంది. పంపు కంపనం “చాలా చిన్నదిలే, వదిలేయొచ్చు” అనే మాట నేను ఒప్పుకోకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం ఫ్రీక్వెన్సీ. న్యూరోమాస్ట్‌లు రెండు రకాలు. చర్మం మీద నేరుగా నీళ్ళలోకి నిలబడేవి ఒక రకం, ఇవి నీటి వేగానికి స్పందిస్తాయి, నెమ్మదైన కదలికలు, కొన్ని హెర్ట్జ్ నుంచి కొన్ని పదుల హెర్ట్జ్ దాకా వీటి రాజ్యం. చర్మం కింద కాలువల్లో ఉండేవి రెండో రకం. కాలువకి బయటకి రంధ్రాలుంటాయి, పక్కపక్క రంధ్రాల మధ్య ఒత్తిడి తేడా వస్తేనే లోపలి ద్రవం కదులుతుంది, అందుకని ఇవి నీటి త్వరణానికి స్పందిస్తాయి, స్థిరమైన ప్రవాహాన్ని పట్టించుకోవు, ఇంచుమించు 30 నుంచి 200 హెర్ట్జ్ మధ్య చురుగ్గా ఉంటాయి. పంపు 50 లేదా 60, దాని రెట్టింపు హార్మోనిక్ 100 లేదా 120. సరిగ్గా మధ్యలో పడ్డాయి. మాటల్డ్ స్కల్పిన్ అనే చేపతో షెరిల్ కూంబ్స్ చేసిన ప్రసిద్ధమైన ప్రయోగాల్లో, చేపకి ఎర అనిపించడానికి నీళ్ళలో ఊగించిన చిన్న గోళం కూడా 50 హెర్ట్జ్‌లోనే ఊగింది. ఆ చేప చూపు సాయం లేకుండా దాని వైపు తిరిగి దాడి చేస్తుంది. ప్రయోగశాలలో ఎరగా పనికొచ్చిన ఫ్రీక్వెన్సీని మనం రాత్రీ పగలూ తొట్టిలోకి పంపుతున్నామన్నమాట.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి, లేకపోతే భయపెట్టినట్టవుతుంది. నీరు కదిలినంత మాత్రాన పార్శ్వరేఖకి తెలియదు. చేప ఒంటికీ పక్క నీటికీ మధ్య తేడా రావాలి. నీరూ చేపా కలిసి ఒకేలా ఊగితే, సాఫీగా పోయే బస్సులో కూర్చున్నవాడికి వేగం తెలియనట్టే, కుప్యులా వంగదు. దూరం నుంచి వచ్చే శబ్దతరంగం చేపనీ నీటినీ కలిపే కదిలిస్తుంది, అది లోపలి చెవి పని. పార్శ్వరేఖకి కావలసింది దగ్గరగా ఉన్న మూలం, ఒంటి పొడవునా ఒక చోట ఎక్కువ, ఇంకో చోట తక్కువ కదలిక. 1962లో హారిస్, వాన్ బెర్గేక్ ఈ తేడానే ప్రయోగంతో చూపించారు. ఊగే చిన్న వస్తువు చుట్టూ నీటి వేగం దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది, దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతు. అందుకే ఈ ఇంద్రియం పరిధి మామూలుగా చేప ఒంటి పొడవుకి ఒకటి రెండింతలే. సముద్రంలో అయితే చేప ఇంకో రెండు అడుగులు దూరం జరుగుతుంది, గొడవ వదిలిపోతుంది. తొట్టిలో ఎక్కడికి జరుగుతుంది? నాలుగు వైపులా అద్దం, ఆ అద్దమే ఊగుతుంటే ప్రతి గోడా ఒక మూలమే.

అందుకే నా పరీక్ష పంపు మీద కాదు, అద్దం మీద చేశాను. ఒక పైజో కాంటాక్ట్ మైకుని అద్దానికి అంటించి, రికార్డర్‌కి కలిపి, స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వణుకుందో గీతలుగా చూపే గ్రాఫు, చూశాను. మామూలు మైకు గాలిలో శబ్దాన్ని వింటుంది, కాంటాక్ట్ మైకు అది అంటుకున్న వస్తువు వణుకుని మాత్రమే వింటుంది. ఇది ప్రయోగశాల కొలత కాదు, నీటి కదలికని నేరుగా కొలవదు, కానీ ఒకే చోట అంటించి ఒకదానితో ఒకటి పోల్చడానికి నిక్షేపంగా పనికొస్తుంది.

పంపుని స్టాండ్ మీద, దానితో వచ్చిన నాలుగు రబ్బరు కాళ్ళ మీదే పెట్టినప్పుడు సరఫరా ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక ఎత్తైన గీత, రెట్టింపు దగ్గర ఇంకోటి నిటారుగా నిలబడ్డాయి. గదిలో చెవికి దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే మన చెవి 50 హెర్ట్జ్ దగ్గర చాలా మందం. ఆ రబ్బరు కాళ్ళు ఉత్త అలంకారం, గట్టి రబ్బరు, పొట్టివి, వణుకుని ఉన్నదున్నట్టు కిందికి దింపేస్తున్నాయి. ఈ విషయంలో తయారీవాళ్ళకి సున్నా మార్కులు. పంపు కింద మందపాటి మెత్తటి స్పాంజి పెడితే గీత బాగా కుంగింది. పంపుని స్టాండ్ మీంచి పూర్తిగా తీసి, వేరే బల్ల మీద, నీటి మట్టం కన్నా ఎత్తులో పెడితే ఇంకా కుంగింది. నీటి మట్టం కన్నా ఎత్తు ఎందుకంటే, కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్ళు వెనక్కి పంపులోకి రాకుండా. ఎత్తు కుదరకపోతే నీళ్ళని వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ తప్పనిసరి, ఈ పంపు డబ్బాలో అది ఇవ్వలేదు, ఇవ్వాల్సింది.

అయినా కొంత మిగిలింది. అది గొట్టం పని. గట్టి ప్లాస్టిక్ గొట్టం పంపు దడని అలాగే మోసుకొస్తుంది, తొట్టి అంచు మీద బిగుతుగా ఆనితే అద్దానికి అప్పజెప్పేస్తుంది. మెత్తటి సిలికాన్ గొట్టం వేసి, మధ్యలో ఒక వదులు చుట్ట వదిలి, అంచు దగ్గర చిన్న స్పాంజి ముక్క పెడితే మిగిలిన గీత కూడా ఎప్పుడూ ఉండే నేపథ్య నాయిస్‌లో దాదాపు కలిసిపోయింది. నాబ్‌ని సగానికి తగ్గించడం కూడా సాయపడింది, రెండు అవుట్‌లెట్లు అవసరం లేనివాళ్ళు పూర్తి బలంతో నడపడం దండగ.

మా తొట్టిలో ఉన్నవి బ్లైండ్ కేవ్ ఫిష్, మెక్సికో గుహల్లో పుట్టిన ఆస్టియానాక్స్ మెక్సికానస్ రకం. కళ్ళు లేవు. కొత్త వస్తువు పెడితే వేగం పెంచి దాని పక్కనుంచి దూసుకెళ్తాయి, తమ ఒంటి ముందు నీరు పక్కకి తొలగే తీరు ఆ వస్తువు దగ్గర ఎలా మారిందో పార్శ్వరేఖతో చదువుకుంటాయి. వీటి చర్మం మీది న్యూరోమాస్ట్‌లు, నదుల్లో ఉండే కళ్ళున్న బంధువులకన్నా ఎక్కువ, పెద్దవి. 2010లో యోషిజావా, జెఫ్రీ బృందం, చీకట్లో నీళ్ళలో ఊగే కడ్డీ దగ్గరికి ఇవి ఎగబడి వస్తాయని, అది సుమారు 35 హెర్ట్జ్ దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుందని, ఆ పని చేసేది చర్మం మీది న్యూరోమాస్ట్‌లేనని చూపించింది. ఈ నేపథ్యం తెలిసే నేను పంపుని అనుమానంగా చూశాను. గొట్టం అద్దానికి ఆనిన మూలలోనే చేపలు మళ్ళీ మళ్ళీ గుమిగూడేవి. గొట్టాన్ని విడదీశాక ఆ గుంపు చెదిరి తొట్టంతా తిరగడం మొదలుపెట్టాయి. ఈ చేపల్ని, లేదా నీటి మీది అలల్ని బట్టి పురుగుల్ని పట్టే కిల్లీ చేపల్ని పెంచేవాళ్ళు ఈ రివ్యూలో మిగతాదంతా వదిలేసినా ఈ పేరా మాత్రం గుర్తుపెట్టుకోండి.

“చేప అలవాటు పడిపోతుందిలే” అని ఒక వాదన ఉంది. చేప మెదడుకి సొంత గోలని తగ్గించుకునే దారులున్నాయి, నిజమే. అది ఈదేటప్పుడు మెదడు నుంచి కేశకణాలకి వెళ్ళే ఎఫరెంట్ నరాలు వాటి స్పందనని అణుస్తాయి, సొంత తోక కొట్టే నీటికి తనే ఉలిక్కిపడకుండా. మొప్పలాడించే కదలికని కూడా వెనక మెదడులోని కేంద్రం నేర్చుకుని కొట్టేస్తుంది. కానీ ఈ రెండూ పనిచేసేది చేప స్వంత కదలికతో ముడిపడిన సంకేతాల మీద. పంపు చేప ఊపిరితో కలిసి కొట్టుకోదు. బలమైన 50 హెర్ట్జ్ కంపనానికి ఒక తంతువు స్పైకులు లాక్ అయిపోతే, అదే చోట పడిన బలహీనమైన ఇంకో కదలిక, అంటే పక్క చేప తోక ఊపో, చిన్న నీటి పురుగు ఈతో, ఆ స్పైకుల్లో తక్కువగా కనిపిస్తుంది. చేప నొప్పితో విలవిల్లాడుతుందని నేను అనడం లేదు. దాని ఇంద్రియం మీద ముసుగు పడుతుంది, అంతే, ఆ ముసుగు తీయడం మన చేతిలో ఉంది కాబట్టి తీయాలి అంటున్నాను.

బుడగల గురించి త్వరగా. నీళ్ళలో విడిపడిన బుడగ దాని సైజుని బట్టి ఒక స్వరంలో మోగుతుంది, 1933లో మినార్ట్ ఇచ్చిన సూత్రం ప్రకారం ఒక మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న బుడగ దాదాపు 3,300 హెర్ట్జ్‌లో, మూడు మిల్లీమీటర్లదైతే సుమారు 1,100లో. పార్శ్వరేఖకి ఇవేవీ పట్టవు, మరీ ఎక్కువ. కానీ గోల్డ్‌ఫిష్ లాంటి చేపలకి ఈత తిత్తిని చెవికి కలిపే చిన్న ఎముకలుంటాయి, వాటి వినికిడి కొన్ని వందల నుంచి వెయ్యి హెర్ట్జ్ దగ్గర బ్రహ్మాండంగా ఉంటుంది. ఉత్త గొట్టం చివర నుంచి వచ్చే పెద్ద బుడగలు ఆ పరిధిలో పడతాయి. కాబట్టి మంచి ఎయిర్ స్టోన్ వేసి సన్నటి బుడగలు తెప్పించుకోండి. పంపుతో వచ్చిన స్టోన్ బాగోలేదు, ఒక పక్క నుంచి మాత్రమే పెద్ద బుడగలు కక్కుతుంది, మార్చేశాను.

దీని బదులు పవర్ ఫిల్టర్ పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్ళకి: అందులోని చిన్న సింక్రనస్ మోటారు కూడా సరఫరా ఫ్రీక్వెన్సీకే తిరుగుతుంది, పైగా నీళ్ళలోనే. దానికితోడు ప్రవాహం. 2000లో ఎంగెల్‌మన్, హాంకె, మోగ్డాన్స్, బ్లెక్‌మన్ గోల్డ్‌ఫిష్, ట్రౌట్ నరాల్లో రికార్డు చేసి చూపించిందేమిటంటే, పారే నీళ్ళలో చర్మం మీది న్యూరోమాస్ట్‌ల తంతువులు ప్రవాహానికే స్పందిస్తూ కంపించే గోళం సంకేతాన్ని పోగొట్టుకుంటాయి, కాలువల్లోవి మాత్రం పోగొట్టుకోవు. రెండు రకాలు ఎందుకున్నాయో దీనితో బాగా తెలుస్తుంది. నిలకడ నీళ్ళలో బతికే చేపలకి చర్మం మీదివే పెద్ద ఆధారం, గోల్డ్‌ఫిష్‌కి అవి ఒక్కో పక్క వెయ్యికి పైనే. అలాంటి చేపల తొట్టిలో ధాటిగా నీళ్ళు చిమ్మే ఫిల్టర్ కన్నా, జాగ్రత్తగా అమర్చిన ఈ ఎయిర్ పంపూ ఒక స్పాంజి ఫిల్టరూ మేలు. ఏటి చేపలకైతే ప్రవాహం కావాలి, నీటికి ఎదురుగా నిలబడడానికి అదే వాటికి దిక్సూచి, వాటికి ఈ పంపు ఒక్కటే సరిపోదు.

పంపుతో సంబంధం లేని ఒక మాట, కానీ చెప్పకుండా ఉండలేను. కాపర్ మందులు, నియోమైసిన్, కనామైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఈ కేశకణాల్ని చంపుతాయి. జీబ్రాఫిష్ మీద ఈ పరిశోధన విస్తారంగా జరిగింది. అదృష్టం కొద్దీ చేపల్లో అవి మళ్ళీ పుడతాయి, పిల్ల చేపల్లో రెండు మూడు రోజుల్లోనే. మందు వేసిన రోజుల్లో చేపలు గోడలకి కొట్టుకుంటున్నా, గుంపు కట్టడం తగ్గినా కంగారుపడి ఇంకో మందు కుమ్మరించకండి, కాస్త ఆగండి.

కంపెనీకి కూడా రాశాను, డెసిబెల్‌తో పాటు కాళ్ళ కింద ఎంత వణుకు దిగుతుందో డబ్బా మీద వెయ్యమని, కాళ్ళు మెత్తటివి ఇవ్వమని. “మా ఉత్పత్తి నిశ్శబ్దమైనది” అని మళ్ళీ అదే డెసిబెల్ అంకె పంపారు. సర్వీసు విషయంలో చిరాకేసింది, దాచను. స్పేర్ డయాఫ్రంలు మాత్రం విడిగా దొరుకుతున్నాయి, మార్చడం సులువు, స్క్రూ డ్రైవర్ ఉంటే చాలు. రబ్బరు గట్టిపడ్డ పంపు గాలి తగ్గించి వణుకు పెంచుతుంది, కాబట్టి గాలి తగ్గిందని నాబ్ పెంచే ముందు డయాఫ్రం చూడండి.

గాలికి, మన్నికకి అయిదుకి నాలుగున్నర. ఉన్నదున్నట్టు వాడితే చేప పక్షాన రెండు, స్పాంజి, వేరే బల్ల, సిలికాన్ గొట్టం, మంచి స్టోన్ వేశాక నాలుగు. మీ దగ్గర ఇప్పటికే ఇలాంటి పంపు ఉంటే కొత్తది కొనక్కర్లేదు. ముందు గొట్టం అద్దానికి ఎక్కడ ఆనుతుందో చూసి విడదీయండి, అన్నిటికన్నా ఎక్కువ తేడా తక్కువ శ్రమతో అక్కడే వస్తుంది.